ట్యునీషియా బిజినెస్ ప్లాన్ డిగ్రీ: సొంత పని కాస్త పెరిగింది, ఉపాధి పెరగలేదు

నిరుద్యోగ యువతకు వ్యాపార శిక్షణ ఇచ్చే ఏ పథకం నివేదిక తీసినా రెండు అంకెలు ముందు కనిపిస్తాయి. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, వాళ్లలో ఎంతమంది సొంతంగా పని మొదలుపెట్టారు. రెండూ పెద్దవైతే పథకం నెగ్గినట్టే లెక్క. శిక్షణ దొరక్కపోయి ఉంటే ఆ మనుషులు ఈపాటికి ఏం చేస్తూ ఉండేవారన్నది మాత్రం ఎవరూ రాయరు. అది తెలియకుండా మొదటి రెండు అంకెలకు విలువ లేదు. ఆ ప్రశ్నకు గట్టి జవాబు దొరికిన కొద్ది చోట్లలో ఉత్తర ఆఫ్రికా దేశం ట్యునీషియా ఒకటి. అందుకే శిక్షణ కార్యక్రమం రూపొందించే ప్రతివాళ్లూ ఈ కేసును ఒకసారి విప్పి చూసుకోవాలి.

ఏం చేశారు

2010 నాటికి ట్యునీషియాలో మొత్తం నిరుద్యోగం 13 శాతం దగ్గర ఉండేది. డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లలో అది 20 శాతం దాటింది. అంటే పట్టా ఉన్నవాళ్లకే పని దొరకడం ఎక్కువ కష్టం. ఈ నేపథ్యంలో ప్రభుత్వం మూడేళ్ల అప్లయిడ్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఒక కొత్త దారి తెరిచింది. మామూలుగా రాసే ప్రాజెక్ట్ రిపోర్టుకు బదులు బిజినెస్ ప్లాన్ (పెట్టబోయే వ్యాపారం మార్కెట్, ఖర్చులు, రాబడి రాసిన పత్రం) తయారుచేసి, దాన్నే సమర్పించి పట్టా తీసుకోవచ్చు.

2009–10 విద్యా సంవత్సరంలో ఇష్టమున్నవాళ్లను దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఒక్కరుగానైనా, ఇద్దరు కలిసైనా రావచ్చు. 1,702 మంది 1,506 ప్రాజెక్టులతో ముందుకొచ్చారు. అందరికీ చోటు లేదు కాబట్టి లాటరీ వేశారు. 856 మంది పేర్లు వచ్చాయి, 846 మందివి రాలేదు. ఈ కేసుకు విలువ తెచ్చింది ఈ లాటరీయే. రెండు వైపులా ఉన్నది వ్యాపారం మీద ఆసక్తితో దరఖాస్తు పెట్టినవాళ్లే. తేడా అల్లా శిక్షణ దొరకడం, దొరక్కపోవడం.

శిక్షణలో మూడు భాగాలు. మొదటిది, ప్రభుత్వ ఉపాధి కార్యాలయాలు నడిపిన 20 రోజుల పూర్తికాలపు తరగతులు. వీటిలో ఆలోచనను ఎంచుకోవడం, మార్కెట్ సమాచారం సేకరించడం, ఖర్చులు వేసుకోవడం, ప్లాన్ రాయడం నేర్పారు. రెండోది, వ్యాపార రంగం నుంచి వచ్చిన కోచ్‌లతో విడిగా కూర్చునే సెషన్లు. మూడోది, ప్లాన్ పూర్తయ్యేదాకా యూనివర్సిటీ అధ్యాపకుల పర్యవేక్షణ. చివర్లో ప్లాన్ల పోటీ, బాగున్నవాటికి ప్రారంభ పెట్టుబడి ఇచ్చే ఏర్పాటు. కాగితం మీద చూస్తే దీన్లో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. చాలా దేశాల్లో ఇంతకన్నా తక్కువతోనే సరిపెడతారు.

ఏం తేలింది

పట్టా చేతికొచ్చిన ఏడాదికి, 2011లో, రెండు గుంపులనూ సర్వే చేశారు. లాటరీలో పేరు వచ్చినవాళ్లలో స్వయం ఉపాధి పెరిగింది. నిష్పత్తిగా చెబితే చెప్పుకోదగ్గ పెరుగుదలే. కానీ మొదట ఉన్నదే అతి తక్కువ కావడంతో, వందమందిలో ఎంతమంది అని చూస్తే తేడా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వ్యాపార పరిజ్ఞానం మెరుగుపడింది, భవిష్యత్తు మీద ఆశ పెరిగింది. మొత్తం ఉపాధి రేటులో మాత్రం రెండు గుంపుల మధ్య తేడా లేదు. సొంత పని పెట్టుకున్న ఆ కొద్దిమందిలో చాలామంది శిక్షణ లేకపోయినా ఏదో ఒక జీతం పనిలో ఉండేవాళ్లే. పథకం వాళ్లను నిరుద్యోగం నుంచి బయటికి లాగలేదు, ఒక రకం పనిలోంచి ఇంకో రకం పనిలోకి మార్చింది.

నాలుగేళ్ల తర్వాత మళ్లీ చూస్తే ఆ చిన్న తేడా కూడా చెరిగిపోయింది. స్వయం ఉపాధిలో తేడా లేదు, ఉపాధిలో లేదు, పెరిగిన ఆశ కూడా నిలవలేదు. ‘ఇప్పుడు విత్తనం వేశాం, మొలకెత్తడానికి టైం పడుతుంది’ అనేవాళ్లకు ఈ రెండో సర్వే సూటిగా జవాబు చెప్పింది.

కాలం కూడా కలిసిరాలేదన్న మాట నిజమే. 2010 డిసెంబర్ 17న సీదీ బూజీద్ పట్టణంలో మొహమ్మద్ బువజీజీ అనే వీధి వ్యాపారి తనకు తాను నిప్పంటించుకున్నాడు. దాంతో దేశమంతా నిరసనలు పెల్లుబికాయి. నెల తిరగకుండానే, 2011 జనవరి 14న, అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి వెళ్లిపోయాడు. అలాంటి ఏడాదిలో కొత్త వ్యాపారం పెట్టడం కష్టం. కానీ ఆ కష్టం రెండు గుంపులకూ ఒకటే. పైగా జీతం పనులు కూడా అప్పుడే తగ్గాయి. ఉద్యోగాలు లేనప్పుడు అక్కరకు రావడానికే కదా ఈ శిక్షణ పెట్టింది.

ఎక్కడ తప్పింది

ఇక్కడి నుంచి చెప్పేది సర్వే తేల్చిన విషయం కాదు, కార్యక్రమాలు నడిపే పని తెలిసినవాళ్ల అంచనా.

మొదటి తప్పు చివరి గీత గీసిన చోటే ఉంది. విద్యార్థి చేయాల్సిన ఆఖరి పని ప్లాన్ సమర్పించడం. మార్కులు దానికే, పట్టా దానికే, పోటీ కూడా దానికే. మనిషి దేనికి మార్కులొస్తాయో అదే నేర్చుకుంటాడు. ఇరవై రోజుల తరగతులు, కోచ్‌లు, అధ్యాపకులు అందరూ కలిసి పకడ్బందీగా నేర్పింది ప్లాన్ రాయడం. ఒక్క మనిషి చేత ఒక్క వస్తువు కొనిపించడం ఆ పాఠంలో లేదు.

రెండోది కొంచెం లోతుకు వెళ్తే గానీ కనిపించదు. మామూలు దారిలో వెళ్లిన విద్యార్థి ప్రాజెక్ట్ రిపోర్టు చాలాసార్లు ఏదో ఒక సంస్థలో ఇంటర్న్‌షిప్‌తో ముడిపడి ఉంటుంది. ఆ సమయంలో అతనికి ఒక సూపర్‌వైజరు, ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు పరిచయమవుతారు. ఖాళీ ఉంటే కబురొస్తుంది. ప్లాన్ దారిలో వెళ్లినవాళ్లకు ఆ పరిచయాలు తగ్గిపోతాయి. అంటే శిక్షణ ఇవ్వడంలోనే ఒకటి తీసేసుకోవడం కూడా ఉంది. కొత్త కోర్సు పెట్టేటప్పుడు అది దేని చోటు ఆక్రమిస్తోందో రాసుకోకపోతే ఈ నష్టం ఎవరి లెక్కలోనూ పడదు.

మూడోది డబ్బు. పోటీ గెలిచిన కొద్దిమందికి తప్ప మిగతావాళ్లకు ప్లాన్ ఉంది, పెట్టుబడి లేదు. ఉగాండా ఉత్తర ప్రాంతంలో 2008లో యువతకు నేరుగా నగదు ఇచ్చిన పథకం దీనికి పక్కన పెట్టి చూడదగ్గది. యువకులు బృందాలుగా ఏర్పడి, ఏ వృత్తి నేర్చుకుంటారో, ఏ పనిముట్లు కొంటారో ఒక చిన్న ప్రతిపాదన రాసిచ్చారు. ఒక్కొక్కరికి సగటున 382 డాలర్లు పడ్డాయి. ఇచ్చాక వెంటపడి పర్యవేక్షించినవాళ్లు లేరు. అయినా నాలుగేళ్ల తర్వాత వాళ్ల వ్యాపార ఆస్తులు డబ్బు అందనివాళ్ల కంటే 57 శాతం, పని గంటలు 17 శాతం, సంపాదన 38 శాతం ఎక్కువ. అక్కడ కూడా కథ అంతటితో ఆగలేదు. తొమ్మిదేళ్ల తర్వాత చూస్తే సంపాదనలో డబ్బు అందనివాళ్లు అందినవాళ్లను అందుకున్నారు. డబ్బు వాళ్లను ముందుగా పరుగు పెట్టించింది, ఎప్పటికీ ముందుంచలేదు. కొన్నేళ్ల అదనపు సంపాదన చిన్న విషయం కాదు. కానీ దాన్ని ‘శాశ్వత పరిష్కారం’ అని అమ్మకూడదు.

ప్లాన్‌లో కనిపించని గుంట

ప్లాన్ ఎంత బాగా రాసినా వ్యాపారం ఎందుకు ఆగిపోతుందో ఒక లెక్కలో చూపించవచ్చు. తరగతిలో బోర్డు మీద వేయాల్సిన మొదటి లెక్క ఇదే.

చేతిలో 800 ఉంది (రూపాయలైనా, దీనార్లైనా లెక్క ఒకటే). మొదటి ఆర్డరు 100 వస్తువులు, ఒక్కోటి 10 చొప్పున 1,000. సరుకుకు 600, కూలికి 100. మిగులు 300. ప్లాన్‌లో రాసేది ఇంతవరకే. ‘ఆర్డరుకు 30 శాతం లాభం, ఏడాదికి పది ఆర్డర్లు’ అని పట్టిక వేస్తారు, చదివినవాళ్లు తల ఊపుతారు.

ఇప్పుడు ఇదే లెక్క వారాల వారీగా వేద్దాం. మొదటి వారం సరుకు కొనడానికి 600 పోయింది. మూడో వారం కూలి 100. నాలుగో వారం చివర సరుకు అప్పగించారు. కొన్నవాడు ఆరు వారాల అరువు అడిగాడు, అంటే డబ్బు వచ్చేది పదో వారం చివర. ఈలోగా ఇంటి ఖర్చుకు వారానికి 20 తీస్తున్నారు. ఐదో వారం ముగిసేసరికి 800లో 600, 100, ఐదు ఇరవైలు పోయాయి. మిగిలింది సున్నా. సరిగ్గా అప్పుడే రెండో ఆర్డరు వస్తుంది. సరుకు కొనడానికి 600 కావాలి. లేదు. ఐదు వారాలు చేతులు ముడుచుకుని కూర్చోవాలి, ఇల్లు అప్పు మీద నడవాలి. కాగితం మీద 30 శాతం లాభంలో ఉన్న వ్యాపారం ఇది.

ఒక్క షరతు మార్చి చూడండి. ఆర్డరు తీసుకునేటప్పుడే 40 శాతం అడ్వాన్స్, అంటే 400. ఐదో వారం చివర చేతిలో సున్నాకు బదులు 400 ఉంటుంది. రెండో ఆర్డరు అడ్వాన్స్ ఇంకో 400 కలిపితే 800. సరుకు కొన్నాక 200. ఏడో వారం కూలి 100, ఐదు వారాల ఇంటి ఖర్చు 100. పదో వారం చివర మళ్లీ సున్నా అవుతుంది. కానీ అదే రోజు మొదటి ఆర్డరు బాకీ 600 చేతికొస్తుంది. వ్యాపారం ఒక్క రోజు కూడా ఆగలేదు. అంచు మీద నడిచింది, నిజమే. ఆ అంచు ఎక్కడుందో ముందే తెలిసి నడిచింది.

ఈ లెక్క రాని విద్యార్థికి మార్కెటింగ్ సిద్ధాంతాలు చెప్పడం దండగ. పట్టికకు కావలసింది వారానికి ఒక గడి, నాలుగు వరుసలు: మొదట ఉన్నది, వచ్చింది, పోయింది, మిగిలింది. ఇంటి ఖర్చు తప్పనిసరిగా ‘పోయింది’లో ఉండాలి. సగం పట్టికలు అక్కడే తప్పుతాయి. ఎందుకంటే సొంత తిండి ఖర్చును వ్యాపార ఖర్చుగా ఎవరూ అనుకోరు. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకు ఒక గుంపుకు పద్ధతిగా అకౌంటింగ్, ఇంకో గుంపుకు ‘ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు వేరుగా పెట్టండి’ వంటి తేలికైన సూత్రాలు నేర్పి చూశారు. లెక్కలు పెట్టే అలవాటు మెరుగుపడింది రెండో గుంపులోనే.

మళ్లీ కట్టాలంటే

ఇదే డిగ్రీ, ఇదే చివరి సంవత్సరం, ఇవే 20 రోజులు ఉన్నాయనుకుందాం. అదనపు బడ్జెట్ పెద్దగా లేకుండానే వరుస మార్చవచ్చు.

ముందుగా 20 రోజులను ఒకే దఫాలో పెట్టకూడదు. వారానికి రెండు రోజుల చొప్పున పది వారాలకు పరచాలి. తరగతికి తరగతికి మధ్య బయట చేసే పని ఉండాలి. వరసగా నెల రోజులు గదిలో కూర్చున్నవాడికి గది వెలుపల ఎవరూ పరిచయం కారు.

మొదటి రెండు వారాలు ఆలోచన గురించి మాట్లాడటం మానేసి, ఒక్కొక్కరు 20 మంది కొనుగోలుదారులతో మాట్లాడి రావాలి. అడిగే తీరు ఇక్కడ కీలకం. ‘నేను ఇలాంటిది చేస్తే కొంటారా’ అంటే మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. ఆ జవాబులతో నింపిన మార్కెట్ సర్వే ప్లాన్‌లో అందంగా ఉంటుంది, అంతే. అడగాల్సింది జరిగిపోయిన విషయం: పోయిన నెల ఈ పని ఎవరి చేత చేయించారు, ఎంత ఇచ్చారు, దాన్లో ఏం నచ్చలేదు. డబ్బు పెట్టనివాడు ఆ అవసరం ఎంత గట్టిగా చెప్పినా లెక్కలోకి తీసుకోకూడదు. 20 మందిలో కనీసం ఐదుగురు ఇప్పటికే డబ్బు ఖర్చు పెడుతున్నారని తేలకపోతే ఆలోచన మార్చాలి. రెండో వారంలో మార్చడానికి ఖర్చేమీ కాదు, పదో వారంలో అయితే అహం అడ్డొస్తుంది.

నాలుగో వారం ముగిసేలోగా బోణీ కావాలి. చిన్నదైనా సరే, అరకొరగా చేసిందైనా సరే, చుట్టం కాని మనిషి దగ్గర డబ్బు తీసుకోవాలి. స్నేహితులు, బంధువులు కొన్నది లెక్కకు రాదు. ఈ షరతు పెట్టగానే కొందరు మానేస్తారు. మానేయనివ్వాలి. వాళ్లను ఇంటర్న్‌షిప్ దారిలోకి తిరిగి పంపే ఏర్పాటు మొదటి రోజే ఉండాలి, అది ఓటమి అనిపించకుండా ఉండాలి. నెదర్లాండ్స్‌లో ఒక వృత్తి విద్యా కళాశాలలో విద్యార్థులే చిన్న కంపెనీ పెట్టి నడిపే కార్యక్రమాన్ని పరిశీలిస్తే, సొంత వ్యాపారం పెట్టాలన్న కోరిక పెరగకపోగా తగ్గింది. దాన్ని వైఫల్యంగా చదివినవాళ్లు చాలామంది. వ్యాపారమంటే ఏమిటో దగ్గర్నుంచి చూసి, తనకు సరిపడదని ఇరవై ఏళ్ల వయసులో తెలుసుకోవడం కూడా చదువే. అప్పు చేశాక తెలిసేకంటే నయం.

ఐదో వారం నుంచి పైన వేసిన నగదు పట్టిక, ప్రతి వారం, తన సొంత అంకెలతో. ప్లాన్ రాయడం ఎనిమిదో వారం తర్వాతే. అప్పటికి అమ్మకాలు, ధరలు, అరువులు చేతిలో ఉంటాయి కాబట్టి ప్లాన్ అయిదారు పేజీలు దాటదు.

పాఠం ఏం చెబుతున్నారన్నదానికంటే మనిషి ప్రవర్తనలో ఏం మారుస్తున్నారన్నది ముఖ్యమని పశ్చిమ ఆఫ్రికాలోని టోగో కేసు చూపించింది. రాజధాని లోమేలో 1,500 మంది చిన్న వ్యాపారులను మూడు సమాన గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మామూలు వ్యాపార శిక్షణ, ఇంకో గుంపుకు మనస్తత్వ శాస్త్రం ఆధారంగా ‘చొరవ’ శిక్షణ, మూడో గుంపుకు ఏమీ లేదు. రెండు శిక్షణలకూ సమయం ఒకటే: నాలుగు వారాల్లో మూడేసి గంటల తరగతులు 12, ఆ తర్వాత నాలుగు నెలలు ట్రైనర్ నెలకోసారి దుకాణానికి వెళ్లి రావడం. చొరవ శిక్షణ పొందినవాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణలో కనిపించిన 11 శాతం, గణాంకాల పరంగా లేనట్టే, అంటే యాదృచ్ఛికంగా వచ్చిందీ కావచ్చు. అయితే ఒక జాగ్రత్త: వీళ్లంతా అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లు. ఉద్యోగం లేని కొత్త పట్టభద్రుడికి అదే 30 శాతం వస్తుందని ఆశపడకూడదు. తీసుకోదగ్గది పద్ధతి, ముఖ్యంగా ఆ నెలవారీ రాకపోకలు. ట్యునీషియాలో ప్లాన్ సమర్పించిన రోజుతో అందరూ చేతులు దులుపుకున్నారు. అసలు కష్టాలు మొదలయ్యేది ఆ మర్నాటి నుంచే.

పెట్టుబడి సాయం ఇవ్వగలిగితే పోటీ పెట్టొద్దు. ప్లాన్ల పోటీ బాగా రాసేవాళ్లను ఏరుతుంది, బాగా అమ్మేవాళ్లను కాదు. బదులుగా రెండు విడతల సాయం ఇవ్వొచ్చు. మూడు అమ్మకాలకు రసీదులు చూపించిన ప్రతివాళ్లకూ మొదటి విడత, ఎనిమిది వారాల నగదు పట్టిక తప్పకుండా నింపినవాళ్లకు రెండోది. మొదటి విడత అర్హత వచ్చిన రెండు వారాల్లో చేతికి అందాలి. ఆరు నెలలు ఆలస్యమైతే ఆ డబ్బు వ్యాపారంలోకి వెళ్లదు, ఈలోగా చేసిన అప్పుల్లోకి వెళ్తుంది.

ట్రైనర్ల ఎంపికలోనే చాలా కార్యక్రమాలు దెబ్బతింటాయి. డిగ్రీలు చూసి కాక, సొంతంగా జీతాలు ఇచ్చిన అనుభవం చూసి తీసుకోవాలి. ఒక్కరికి 20 మందికి మించి అప్పగిస్తే వారంవారం పట్టికలు చూడటం కుదరదు, చూడకపోతే మూడో వారానికే నింపడం మానేస్తారు.

ఇంకో చిక్కు బయటికి కనిపించదు. తరగతిలో ఒకరికి ఒక పనిలో లాభం వచ్చిందని తెలిస్తే మిగతావాళ్లూ దాని మీదే పడతారు. ఒకే ప్రాంతంలో పదిమంది ఒకే సేవ మొదలుపెడితే గిరాకీ పదింతలు కాదు. కొత్తవాడు సంపాదించింది పాతవాడి జేబులోంచి వచ్చిందే అయితే ఊరు మొత్తం మీద ఉపాధి పెరగనట్టే. ఒక బ్యాచ్‌లో ఒకే ప్రాంతంలో ఒకే పని ఇద్దరికి మించి ఒప్పుకోకపోవడం మోటు సూత్రమే, అయినా పని చేస్తుంది.

ఎలా కొలవాలి

దరఖాస్తులు సీట్లకంటే ఎక్కువ వచ్చినప్పుడల్లా లాటరీ వేయండి. దానికి అదనపు ఖర్చు లేదు, ఎవరిని ఎందుకు తీసుకున్నారన్న అనుమానాలూ ఉండవు. పేరు రానివాళ్ల ఫోన్ నంబర్లు, ఇంకో ఇద్దరు దగ్గరివాళ్ల నంబర్లు మొదటి రోజే రాసుకోవాలి. ఏడాది తర్వాత వాళ్లను వెతకడం శిక్షణ పొందినవాళ్లను వెతకడం కంటే చాలా కష్టం. దొరకనివాళ్లు ఒక వైపే ఎక్కువైతే పోలిక చెడిపోతుంది.

ఆరు నెలలకు, ఏడాదికి, మూడేళ్లకు అడగాలి. ట్యునీషియాలో మొదటి ఏడాదితో ఆపేసి ఉంటే పథకం కొద్దిగా పనిచేసిందన్న మాటే మిగిలిపోయేది. మొదటి ప్రశ్న ‘వ్యాపారం పెట్టారా’ కాకూడదు. ‘పోయిన ఏడు రోజుల్లో డబ్బు కోసం ఎన్ని గంటలు పని చేశారు’ అన్నది ముందు, అది జీతానికా సొంతానికా అన్నది తర్వాత. అంతర్జాతీయ లెక్క ప్రకారం వారంలో ఒక్క గంట పని చేసినా ఉపాధి ఉన్నట్టే. కాబట్టి గంటలు అడగకుండా అవును, కాదు అని రాసుకుంటే ఖాళీగా దుకాణంలో కూర్చున్నవాడు కూడా విజయం కిందికి వస్తాడు. లాభం గురించి అడిగేటప్పుడు అమ్మకాలు, ఖర్చులు విడివిడిగా రాబట్టి తీసివేత చేయడం కంటే ‘ఖర్చులన్నీ పోగా పోయిన నెల ఎంత మిగిలింది’ అని ఒకే ప్రశ్న వేయడం మేలని శ్రీలంకలో చిన్న వ్యాపారుల మీద జరిగిన పరిశోధనలో తేలింది.

నిధులిచ్చేవాళ్లకు పంపే పట్టికలో కూడా ఒక వరుస మార్చాలి. శిక్షణ పొంది, మధ్యలో మంచి జీతం పని దొరికి వెళ్లిపోయినవాళ్లను చాలా కార్యక్రమాలు ‘మానేసినవారు’ కింద రాస్తాయి. అలా రాసినంతకాలం ట్రైనర్లు వాళ్లను వెళ్లొద్దని ఆపుతూనే ఉంటారు. ఆ వరుస పేరు ‘ఉద్యోగంలో చేరినవారు’ అని మార్చి, సొంత వ్యాపారం పెట్టినవాళ్ల వరుస పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో పెట్టండి.